చిన్న పెట్రోలు ఇంజన్ సంగతులు: విశాఖలో మా షెడ్డుకి వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా షెడ్డు గాజువాక వైపు. జనరేటర్లు, గడ్డి కోసే మిషన్లు, నీటి పంపులు, మందు కొట్టే స్ప్రేయర్లు, కలుపు తీసే వీడర్లు, ఇలా చిన్న పెట్రోలు ఇంజన్ మీద నడిచేది ఏదైనా ఇక్కడికి వస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పిన రోజు ఫోన్ ఆగదు. "మాస్టారూ, పోయినేడు శుభ్రంగా తిరిగిందండీ. ఇప్పుడు తాడు లాగి లాగి నా భుజం ఊడిపోతోంది." అందరిదీ ఇదే మాట. చెప్పిన జవాబులే రోజుకి పదిసార్లు చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను చెప్పే అంకెకీ మీ ఇంజన్‌తో వచ్చిన పుస్తకంలోని అంకెకీ తేడా ఉంటే పుస్తకాన్నే నమ్మండి.

పోయినేడు బాగా నడిచింది. తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. మరి ఎందుకు స్టార్ట్ అవ్వడం లేదు?

ముట్టుకోలేదు కాబట్టే. చిన్న ఇంజన్ పని చేసి పాడవడం తక్కువ, పడుకుని పాడవడం ఎక్కువ. పెట్రోలు అంటే ఒకే సరుకు కాదు, రకరకాల నూనెల కలగలుపు. అందులో తేలికైనవి ముందు ఆవిరైపోతాయి. చల్లగా ఉన్న ఇంజన్ అందుకునేది వాటి వల్లే. మిగిలిన బరువైన భాగం గాలి తగిలి మెల్లగా జిగురుగా మారుతుంది. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్ కింద చిన్న గిన్నె ఉంటుంది, అందులో పట్టేది కొద్ది చెంచాల పెట్రోలు. ముందు జిగురు కట్టేది అక్కడే. పనసకాయ కోసిన కత్తికి బంక పట్టినట్టు పట్టేస్తుంది. ఆ గిన్నెలోంచి పెట్రోలు పైకి పోవాల్సిన సన్న జెట్‌కి ఉన్న బెజ్జం మిల్లీమీటరులో మూడో వంతో, అంతకు కాస్త ఎక్కువో ఉంటుంది. బంక పొర చాలు, అది మూసుకుపోవడానికి.

ఊరందరికీ చెప్పే నేనే ఈ తప్పు చేశాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను ఊరి మీద పడిన రోజు. ఆ సాయంత్రం ధీమాగా మా ఇంటి జనరేటర్ బయటికి తీశాను. వేసవిలో వాడి, టాంకులో పెట్రోలు అలాగే వదిలేసిన మిషన్ అది. చీకట్లో, వానలో, మా ఆవిడ టార్చి పట్టుకుంటే కార్బొరేటర్ విప్పాను. గిన్నె అడుగున తేనెలాంటి ముద్ద కనిపించింది. "ఊరందరి ఇంజన్లూ బాగుచేస్తారు కదా!" అంది ఆవిడ, ఇంకేమీ అనలేదు.

ఎన్నాళ్లు వాడకపోతే పెట్రోలు తీసేయాలి? ఎలా తీయాలి?

నెల దాటి వాడనని తెలిస్తే తీసేయండి. పుస్తకాల్లో ఇంతకంటే ఎక్కువ గడువు రాసి ఉండవచ్చు, కానీ మన తేమకీ వేడికీ నా లెక్క నెలే.

పెట్రోలు కాక్ మూసి, ఇంజన్ దానంతట అది ఆగిపోయేదాకా నడపడం అందరికీ తెలిసిన పద్ధతి. అది మంచిదే గానీ సగం పనే. ఇంజన్ ఆగిపోయినా గిన్నె అడుగున ఇంకొంచెం మిగులుతుంది. గిన్నె కింద చిన్న బోల్టు ఉంటుంది, చాలా వాటికి 10 నంబరు స్పానర్ సరిపోతుంది. ఇంజన్ చల్లారాక కింద ఒక డబ్బా పెట్టి దాన్ని వదులు చేయండి. కారేది కారనిచ్చి బిగించండి. బిగించేటప్పుడు బలం చూపించకండి, అది మెత్తటి లోహం, మర పోయిందంటే గిన్నె మొత్తం మార్చాలి. రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాల పని చేసేవాళ్లు నా దగ్గరికి ఆయిల్ కొనుక్కోవడానికి తప్ప రారు.

టాంకు నిండుగా ఉంచితే తుప్పు పట్టదంటారు. మీరేమో ఖాళీ చేయమంటారు.

రెండూ నిజమే. ఇనుప టాంకు సగం ఖాళీగా ఉంటే పైభాగంలోని తేమ గాలి రాత్రి చల్లబడి లోపల చెమ్మ కడుతుంది, తుప్పు మొదలవుతుంది. అందుకే వారానికోసారి వాడేవాళ్లు నిండుగా ఉంచుకోవచ్చు. నెలల తరబడి పక్కన పెట్టేవాళ్లు పూర్తిగా ఖాళీ చేసి, లోపల ఆరాక కాస్త ఇంజన్ ఆయిల్ పోసి, టాంకు నాలుగు వైపులా తిప్పి వంపేయండి. మళ్లీ వాడే ముందు కొంచెం పెట్రోలుతో కడిగేస్తే చాలు. ప్లాస్టిక్ టాంకు అయితే తుప్పు గొడవ లేదు, ఖాళీ చేయడమే మేలు. సగం సగంగా వదిలేయడం మాత్రం రెంటికీ చెడ్డదే.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ ఎక్కువట కదా. పాత ఇంజన్‌కి పనికొస్తుందా?

ఇప్పుడు దేశమంతా దాదాపు ఇ20 పెట్రోలే, అంటే 20 శాతం ఇథనాల్. 2023 ఫిబ్రవరిలో అమ్మకాలు మొదలయ్యాయి. మొదట పెట్టుకున్న గడువు 2030. దాన్ని ముందుకు జరిపి 2025కే చేరుకున్నారు. పాత చిన్న ఇంజన్ల పుస్తకాలు తీసి చూస్తే చాలా వాటిలో 10 శాతం దాటకూడదని రాసి ఉంటుంది.

తేడా మూడు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, ఇథనాల్ గాల్లోని తేమని లాగుతుంది. మన ఊళ్లో తేమకి కొదవా! రెండు, పాత రబ్బరు పైపులు, వాషర్లు ఉబ్బుతాయి, లేదంటే గట్టిపడి పగులుతాయి. మూడోది జనం గమనించనిది. ఇథనాల్ మండడానికి పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు. కొత్త కార్లో సెన్సర్ అది కనిపెట్టి పెట్రోలు పెంచుకుంటుంది. కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, పాత లెక్కలోనే పోస్తుంది. దాంతో మిశ్రమం పలచబడి ఇంజన్ కాస్త వేడిగా తిరుగుతుంది, పొద్దున్నే అందుకోవడానికి మొరాయిస్తుంది, చోక్ (స్టార్టింగులో గాలి తగ్గించే మీట) ఎక్కువసేపు అడుగుతుంది.

అంతమాత్రాన భయపడి మిషన్ అమ్ముకోనక్కర్లేదు. పెట్రోలు పైపు ఏడాదికోసారి వంచి చూడండి. సన్న పగుళ్లు కనిపిస్తే మార్చేయండి, దాని ఖరీదు ఎంతో కాదు. కొన్న పెట్రోలు తొందరగా వాడేయండి. ఎక్కువ ఆక్టేన్ (ఒత్తిడికి ముందే పేలకుండా ఆగే గుణం) ఉన్న ఖరీదైన పెట్రోలు పోస్తే ఇవన్నీ పోతాయా అని అడుగుతారు. పోవు. ఈ ఇంజన్లలో కంప్రెషన్, అంటే సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే ఒత్తిడి, తక్కువ, ఆ ఆక్టేన్‌తో వీటికి పని లేదు.

పెట్రోలులో నీళ్లు దిగాయని ఎలా తెలుస్తుంది?

గిన్నెలోంచి తీసిన పెట్రోలుని తెల్లటి గాజు సీసాలో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనబడితే అది నీరే. నీరు చేరిన ఇథనాల్ పెట్రోలుతో కలవకుండా విడిపోయి కిందికి దిగుతుంది, కార్బొరేటర్‌కి ముందు అందేది ఆ కింది పొరే. ఇంజన్ దాని మీద నడవదు.

నమ్మని వాళ్లకి షెడ్డు బయట, బీడీలు సిగరెట్లు ఆర్పించి, ఒక ఆట చూపిస్తుంటాను. గీతలున్న గాజు గొట్టంలో 100 మి.లీ. బంకు పెట్రోలు, మీద 10 మి.లీ. మంచినీళ్లు. మూత బిగించి ఊపి పక్కన పెడితే అడుగున నీటి పొర 10 దగ్గర ఆగదు, 25 గీత దాటుతుంది. పెట్రోలులోని ఇథనాల్ అటు వెళ్లి నీళ్లలో చేరిపోయింది మరి. ఇదేదో బంకు కల్తీ అనుకుని ఒకాయన గొడవకి బయల్దేరబోయాడు. కల్తీ కాదు బాబూ, ఆ సరుకు తయారీయే అంత. 1957 నుంచీ మన ఊళ్లోనే రిఫైనరీ ఉంది, అయినా క్యానులో ఆరు నెలలు దాచిన పెట్రోలు ఆరు నెలల పాతదే.

జెట్ మూసుకుపోయిందన్నారు. ఇంట్లో నేను తీసి శుభ్రం చేసుకోవచ్చా?

చేతి స్థిమితం ఉంటే చేసుకోవచ్చు. కాక్ మూసి, గిన్నె విప్పి, మధ్యలో ఉన్న ఇత్తడి జెట్‌ని సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్‌తోనే తీయండి. చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే ఇత్తడి గాడి నలిగిపోతుంది, తర్వాత అది ఎవరి మాటా వినదు. తీసిన జెట్‌ని వెలుతురుకెదురుగా పెట్టి చూడండి. శుభ్రంగా ఉంటే గుండ్రటి చుక్కలా వెలుగు కనిపిస్తుంది, దూరంగా ఉన్న నక్షత్రంలా. మూసుకుని ఉంటే ఏమీ కనిపించదు. వంకరగా కనిపిస్తే సగం మూసుకున్నట్టు.

సూది, గుండుసూది, పిన్నీసు పెట్టకండి. ఉక్కు గీరితే బెజ్జం పెద్దదవుతుంది, ఇక ఇంజన్ జన్మంతా నల్లపొగే. మామూలు కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి దాంతో తుడవండి. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి కాసేపు నాననిస్తే పోగుతో కూడా పని ఉండకపోవచ్చు. గిన్నె బిగించేటప్పుడు రబ్బరు రింగు గాడిలోంచి జారకుండా చూసుకోండి, జారితే రాత్రంతా పెట్రోలు కారుతుంది.

స్టార్ట్ అవుతుంది, పావుగంటకి ఆగిపోతుంది. కాసేపాగి లాగితే మళ్లీ అందుకుంటుంది.

టాంకు మూత వదులు చేసి నడిపి చూడండి. ఆగకుండా నడిస్తే జబ్బు మూతదే. పెట్రోలు కిందికి దిగుతుంటే ఆ మేరకు గాలి లోపలికి రావాలి, దానికి మూతలో సన్న దారి ఉంటుంది. అది మూసుకుంటే లోపల గాలి తక్కువై పెట్రోలు దిగడం ఆగిపోతుంది. ఒకసారి భీమిలి నుంచి ఒక కొబ్బరితోట ఆయన పంపు తెచ్చాడు. అంతకుముందు ఒక చోట కార్బొరేటర్ కొత్తది వేశారు, మరో చోట ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ మార్చారు. మూత తిప్పి చూస్తే ఆ బెజ్జంలో పురుగు మట్టి గూడు కట్టుకుంది. అగ్గిపుల్లతో తీశాను. ఎంతివ్వాలని అడిగితే ఏం చెప్పాలో నాకు తోచలేదు, టీ ఇప్పించమన్నాను.

ఆయిల్ ఎప్పుడు మార్చాలి? ఏ ఆయిల్?

కొత్త ఇంజన్‌కి మొదటి 20 గంటలకే మార్చాలి. లోపల భాగాలు ఒకదానికొకటి అలవాటుపడేటప్పుడు రాలిన లోహపు పొడి ఆ ఆయిల్‌లో ఉంటుంది. తర్వాత ప్రతి 100 గంటలకో, ఆరు నెలలకో, ఏది ముందైతే అది. ఆరు నెలల మాట చాలామంది వదిలేస్తారు, "అసలు నడపనే లేదు కదా" అంటారు. నడపకపోయినా లోపల చెమ్మ చేరి ఆయిల్ పాలిపోతుంది.

10డబ్ల్యూ-30 నాలుగు స్ట్రోకుల ఇంజన్ ఆయిల్ సరిపోతుంది. హోండా జీఎక్స్160 లాంటి 5.5 హెచ్‌పీ ఇంజన్‌లో పట్టేది అర లీటరు పైచిలుకు, ఇంత కొంచెమే కాబట్టి అది తొందరగా నలుగుతుంది కూడా. ఇంజన్ కాసేపు నడిపి, ఆయిల్ వెచ్చగా ఉండగా దించండి, మడ్డి దాంతోపాటే వస్తుంది. కొలిచేటప్పుడు ఇంజన్ చదునుగా ఉండాలి. వాలు మీద పెట్టి ఎక్కువ పోస్తే నీలంపొగ, తక్కువ పోస్తే ఆయిల్ సెన్సర్ ఉన్న మిషన్ అసలు స్టార్టే అవ్వదు. "కాయిల్ పోయింది" అని వచ్చే వాటిలో ఆయిల్ తక్కువైనవి కొన్ని ఎప్పుడూ ఉంటాయి.

పాత ఆయిల్ కాలవలో పోయకండి. డబ్బాలో పెట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వండి.

ఎయిర్ ఫిల్టర్ కడగొచ్చా?

స్పాంజి అయితే కడగొచ్చు. సబ్బునీళ్లలో పిండి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, నాలుగు చుక్కలు ఇంజన్ ఆయిల్ వేసి పిసికి, ఎక్కువైన ఆయిల్ గుడ్డలో ఒత్తేయండి. కాగితం ఫిల్టర్ తడపకూడదు, మెల్లగా తట్టి దుమ్ము దులపండి, నల్లబడితే మార్చండి. 50 గంటలకోసారి అని లెక్క. ఎండాకాలం పొలంలో వీడర్ తోలేవాళ్లు, గాల్లో నల్లదుమ్ము ఎక్కువుండే వన్‌టౌన్ వైపు వాళ్లు అంతకు ముందే చూసుకోవాలి. ఫిల్టర్ తీసేస్తే పికప్ బాగుందని అలాగే నడిపేవాళ్లున్నారు. ఇసుక రేణువు సిలిండర్‌లోకి వెళితే ఏమవుతుందో నా షెల్ఫు మీద ఒక పిస్టన్ ఉంది, చూపిస్తాను.

ప్లగ్గు చూసి ఇంజన్ ఆరోగ్యం చెప్పేస్తారట?

కొంత చెప్పొచ్చు. మంచి ప్లగ్గు కొస టీలో ముంచిన బిస్కెట్ రంగులో ఉంటుంది. పొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. అంటే చోక్ పూర్తిగా తెరుచుకోలేదో, ఫిల్టర్ మూసుకుందో. జిడ్డుగా తడిగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా మాడినట్టుంటే ఇంజన్ పలచటి మిశ్రమంతో వేడెక్కుతోంది. నిప్పురవ్వ దూకే గ్యాపు మామూలుగా 0.7 నుంచి 0.8 మి.మీ. మధ్య. 100 గంటలకోసారి చూసుకోండి. ప్లగ్గు చేత్తో మొత్తం మర ఎక్కించాకే స్పానర్ పెట్టాలి. అడ్డంగా మర పడితే పోయేది ప్లగ్గు కాదు, సిలిండర్ హెడ్.

నల్లపొగ, నీలంపొగ, తెల్లపొగ?

నల్లది పెట్రోలు ఎక్కువని, ముందు ఫిల్టర్, చోక్ చూడండి. నీలం ఆయిల్ మండుతోందని. మిషన్‌ని పక్కకి పడుకోబెట్టి తెచ్చారా అని ముందు అడుగుతాను. ఆటోలో అలా తెస్తే ఆయిల్ ఫిల్టర్‌లోకో సిలిండర్‌లోకో పోతుంది, కాసేపు నడిస్తే ఆగిపోతుంది. నిలబెట్టి తెచ్చినా నీలంపొగ ఆగకపోతే రింగులు, సీళ్లు చూడాలి. స్టార్ట్ చేసిన నిమిషం తెల్లపొగ వచ్చి పోతే చెమ్మ, పట్టించుకోకండి.

మా ఇల్లు బీచ్ దగ్గరే. ఏడాదికే సైలెన్సర్ తుప్పు పట్టింది. ఏం చేయాలి?

ఋషికొండైనా, జాలారిపేటైనా, భీమిలైనా ఉప్పు గాలికి మొహమాటం లేదు. వాడాక ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి, మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. ప్రెషర్ పంపుతో కొట్టకండి, నీళ్లు ఫిల్టర్‌లోకీ ప్లగ్గు టోపీలోకీ దూరతాయి. ఇనుప భాగాల మీద పలచగా ఆయిల్ పూత వేయండి. స్టార్టర్ తాడు వెనక చుట్టు స్ప్రింగు ఉంటుంది, అది తుప్పు పట్టి ఒకరోజు విరుగుతుంది. వారానికోసారి తాడు లాగి వదులుతుంటే అది బిగుసుకోదు.

ప్లాస్టిక్ కవరు గట్టిగా కప్పడం మంచిదని అనుకుంటారు. లోపల చెమ్మ బయటికి పోక తుప్పు ఇంకా ఎక్కువ. పాత నూలు దుప్పటి మేలు, నేల మీద కాకుండా చెక్క ముక్కల మీద పెట్టండి.

ఫైబర్ పడవలకి బిగించే అవుట్‌బోర్డ్ మోటారు వేరే కథ. దాన్ని చల్లబరిచేది సముద్రపు నీరే. ఒడ్డుకి వచ్చాక మంచినీళ్ల డ్రమ్ములో కాసేపు నడిపించకపోతే లోపల ఉప్పు గడ్డకడుతుంది. అది మావాళ్ల కంటే హార్బర్ దగ్గరి మెకానిక్కులకే బాగా తెలుసు.

రెండు స్ట్రోకుల గడ్డి మిషన్‌కి పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలి?

పుస్తకం 50:1 అంటే లీటరుకి 20 మి.లీ., 25:1 అంటే 40 మి.లీ. చేతివాటంగా పోయొద్దు, మందుల షాపులో దొరికే సిరంజితో కొలవండి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. కాస్త ఎక్కువైనా మంచిదే అనుకుంటారు గానీ సైలెన్సర్ మసితో మూసుకుంటుంది. వేరే డబ్బాలో కలిపి, ఊపి, తర్వాతే టాంకులో పోయండి.

తుఫాను కోసం ఇంట్లో పెట్రోలు నిల్వ ఉంచుకోవచ్చా?

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా సొంతానికి లైసెన్సు లేకుండా 30 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు, గట్టి మూత ఉన్న డబ్బాలో. లోహపు డబ్బా 25 లీటర్లకి మించకూడదు. నా సలహా, ఇంట్లో 5 లీటర్లు చాలు. మంచినీళ్ల బాటిల్‌లో మాత్రం వద్దు. పిల్లలున్న ఇల్లు అసలే, పైగా వేడికి అది ఉబ్బుతుంది. డబ్బా మీద కొన్న తేదీ రాయండి, తుఫాను రాకపోతే ఆ పెట్రోలు స్కూటర్‌లో పోసేయండి, వృథా పోదు. వేడి ఇంజన్‌లో ఎప్పుడూ పోయకండి, చీకట్లో తొందరపడి చేసే పని ఇదే.

వానలో జనరేటర్ తడుస్తుంది కదా, వరండాలోనో మెట్ల కిందో పెట్టుకోవచ్చా?

వద్దు. ఈ ఒక్కదాంట్లో బేరం లేదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషి ప్రాణం తీస్తుంది. కిటికీలకీ తలుపులకీ కనీసం 20 అడుగుల దూరంలో, బయట, పైన రేకు వేసి, నాలుగు వైపులా గాలి ఆడేలా పెట్టండి. అపార్ట్‌మెంట్ సెల్లారు కూడా ఇల్లు కిందే లెక్క.

జనరేటర్ వైరు తెచ్చి గోడ సాకెట్‌లో గుచ్చేవాళ్లున్నారు. ఆ కరెంటు మీ ఇంట్లో ఆగదు, వెనక్కి లైనులోకి వెళుతుంది. తుఫాను తర్వాత స్తంభమెక్కి తీగలు కలుపుతున్న ఈపీడీసీఎల్ (మన కరెంటు సంస్థ) లైన్‌మన్ చేతిలోకి వెళుతుంది. బయటి లైను విడదీసి ఇంటిని జనరేటర్‌కి కలిపే చేంజోవర్ స్విచ్ వేయించుకోండి, లేదంటే ఫ్యాను, లైటు నేరుగా జనరేటర్‌కే పెట్టుకోండి.

వాల్వులు సరిచేయడం మేమే చేసుకోవచ్చా?

ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) లేకుండా వద్దు. 300 గంటలకో ఏడాదికో చూడాలి, పూర్తిగా చల్లారిన ఇంజన్ మీదే. జీఎక్స్160లో వాల్వు సందు ఇన్‌లెట్‌కి 0.15, ఎగ్జాస్ట్‌కి 0.20 మి.మీ. కంప్రెషన్ తగ్గి తాడు మరీ తేలిగ్గా వస్తుంటే తీసుకురండి.

బీచ్ దగ్గర మా బండి మీద రోజూ సాయంత్రం జనరేటర్ నడుస్తుంది. మాకూ ఇవన్నీ వర్తిస్తాయా?

మీకు పాత పెట్రోలు బెడద లేదు. రోజుకి ఐదు గంటలనుకుంటే 20 రోజులకే 100 గంటలు, కాబట్టి ఆయిల్ నెలకోసారి కంటే ముందే. మూసేసేటప్పుడు ముందు లైట్లన్నీ ఆపి, రెండు నిమిషాలు ఖాళీగా తిప్పి, అప్పుడు ఇంజన్ ఆపండి. మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు కూడా ముందు ఇంజన్, తర్వాతే లోడు.

తుఫాను సీజన్‌కి ముందు ఎప్పుడు చూపించుకోవాలి? తెచ్చేటప్పుడు ఏం తేవాలి?

మనకి పెద్ద తుఫానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య. సెప్టెంబరులో ఒక ఆదివారం తాజా పెట్రోలు పోసి, ఫ్యాను, లైట్లు పెట్టి, 20 నిమిషాలు నడిపి చూడండి. నడిస్తే ఆపి, గిన్నె ఖాళీ చేసి, లోపల పెట్టేయండి. నడవకపోతే ఆ వారమే తీసుకురండి, హెచ్చరిక వచ్చాక తెస్తే మీ ముందు ఇరవై మంది ఉంటారు.

తెచ్చేటప్పుడు టాంకు ఖాళీ చేసి, మిషన్ నిలబెట్టి తీసుకురండి. పెట్రోలు మూత ఇంట్లో మర్చిపోకండి.